కమ్మరి చేసిన కత్తా, దుకాణంలో చెక్కిన స్టాంపా?

2023 నవంబరులో నటి రష్మిక మందన్న లిఫ్టులోకి అడుగుపెడుతున్నట్టు కనిపించే చిన్న వీడియో ఒకటి దేశమంతా తిరిగింది. అందులో ఉన్నది ఆమె కాదు. బ్రిటన్‌లో ఉండే మరో యువతి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియోకు రష్మిక ముఖం అతికించారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, వందలకొద్దీ సోషల్ మీడియా ఖాతాలను జల్లెడ పట్టి, 2024 జనవరిలో ఒక యువకుడిని అరెస్టు చేశారు. అతనిది గుంటూరు జిల్లా. పగా లేదు, డబ్బు గుంజే ఆలోచనా లేదు. రష్మిక పేరుతో నడిపే ఫ్యాన్ పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడం కోసమే చేశాడని పోలీసులు చెప్పారు.

అరెస్టు వార్తతో జనం ఆ సంగతి వదిలేశారు. ముఖాన్ని అంత నున్నగా అతికించిన సాఫ్ట్‌వేర్ ఎవరిది, దాన్ని వాళ్లు ఏ షరతులతో జనం చేతికిచ్చారు, నకిలీ అని తేలాక కూడా ఆ వీడియో ఎన్నాళ్లు తిరిగింది, తిప్పినవాళ్లెవరు అనే ప్రశ్నలు గట్టిగా వినిపించలేదు. అడక్కుండా ఎవరి ఒంటిని వాడుకున్నారో ఆ రెండో యువతినైతే దాదాపు అందరూ మర్చిపోయారు. నిజానికి ఆ వీడియోలో ఇద్దరు బాధితులున్నారు.

ఏఐ దుర్వినియోగం మాట రాగానే ఎవరో ఒకరు కత్తి పోలిక తెస్తారు. కత్తి కూరగాయలూ కోస్తుంది, గొంతూ కోస్తుంది. హత్య జరిగితే కత్తి చేసిన కమ్మరిని జైల్లో పెడతామా అని అడుగుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కత్తి కొలిమి దాటాక కమ్మరికి దానితో సంబంధం తెగిపోతుంది. ఎవరు కొన్నారో, ఎక్కడ వాడారో అతనికి తెలియదు, తెలిసే దారీ లేదు. ఇప్పుడు మనం ఫోన్లో వాడుతున్న ఏఐ సాధనాల్లో ఎక్కువ భాగం అలాంటివి కావు. అడిగిన ప్రతి మాటా కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. బొమ్మైనా గొంతైనా అక్కడే తయారవుతుంది. తయారయ్యాకే మన చేతికొస్తుంది.

కాబట్టి కొలిమిని వదిలేసి రబ్బరు స్టాంపుల దుకాణం దగ్గరికి వెళ్లాలి. విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఒక చిన్న స్టాంపుల దుకాణం ఉందనుకుందాం. ఒకతను వచ్చి, 'తహసీల్దారు గారి స్టాంపు ఒకటి కావాలి, అశోక చక్రంతో సహా' అంటాడు. దుకాణదారు ఏం చెక్కుతున్నాడో అక్షరం అక్షరం అతని కళ్ల ముందే ఉంటుంది. ఆఫీసు నుంచి లెటర్ తెచ్చావా అని అడగాలి. అడక్కుండా చెక్కిచ్చి, రేపు ఆ స్టాంపు దొంగ పట్టా మీద కనిపిస్తే, 'నేను రబ్బరు అమ్ముకునేవాణ్ణి, నాకేం తెలుసు' అంటే పోలీసులు ఊరుకోరు. తెచ్చిన లెటరే దొంగదైతే వేరే సంగతి. అప్పుడు అతనూ మోసపోయినట్టే. తేడా అంతా అడిగాడా లేదా అన్నదాంట్లో ఉంది.

మన ఐటీ చట్టం 2000 సంవత్సరానిది. స్టాంపు చెక్కే యంత్రాన్ని అది ఊహించలేదు. అప్పటి లెక్కలో ఇంటర్నెట్ కంపెనీ అంటే పోస్ట్‌మ్యాన్. ఎవరో రాసిన ఉత్తరాన్ని ఇంకెవరికో చేరవేస్తాడు, లోపల బూతులుంటే అతని తప్పు కాదు. 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఈ ఆలోచన నుంచే పుట్టింది. సమాచారాన్ని కంపెనీ తానుగా పంపకూడదు, ఎవరికి చేరాలో తాను ఎంచకూడదు, అందులో ఏముండాలో తాను నిర్ణయించకూడదు, మార్చకూడదు. అప్పుడే రక్షణ. కోర్టు ఆర్డరో ప్రభుత్వ నోటిఫికేషనో అందాక కూడా తీసేయకపోతే ఆ రక్షణ పోతుందని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మరి వాడేవాడు ఒక్క లైను టైప్ చేస్తే బొమ్మ మొత్తం తానే గీసిచ్చే యంత్రాన్ని పోస్ట్‌మ్యాన్ అనగలమా? ఉత్తరం రాసింది తనే. నాకు తోచినంతలో ఈ చర్చకు అసలు ముడి ఇక్కడే ఉంది, మన కోర్టులు దాన్ని ఇంకా పూర్తిగా విప్పలేదు.

2025 డిసెంబరు చివర్లో ఎక్స్ (ఒకప్పటి ట్విట్టర్)లోని గ్రోక్ అనే ఏఐ సాధనం వల్ల ఈ ముడి అందరి కంటా పడింది. ఎవరో మహిళ పెట్టుకున్న మామూలు ఫోటో కింద, బట్టలు మార్చి బికినీలో చూపించమని రాస్తే చాలు, గ్రోక్ ఆ పని చేసి అందరికీ కనిపించేలా అక్కడే పెట్టేది. 2026 జనవరి 2న కేంద్ర ఐటీ శాఖ ఎక్స్‌కు నోటీసిచ్చి, ఏం చర్యలు తీసుకున్నారో 72 గంటల్లో చెప్పమంది. ఇండోనేషియా, మలేషియా కొన్నాళ్లు గ్రోక్‌నే ఆపేశాయి. అడిగిన వాళ్లదే తప్పు, సాధనానిది కాదు అనే వాదన మామూలుగానే వచ్చింది. కానీ జనవరి మధ్యకల్లా కంపెనీ తానే, నిజమైన మనుషుల ఫోటోలకు అలాంటి మార్పులు చేయకుండా అడ్డు పెట్టామని ప్రకటించింది. అంటే ఆపే తాళం మొదటి నుంచీ దుకాణంలోనే ఉంది. గోల పెద్దదయ్యాకే దాన్ని బయటికి తీసి తలుపుకు వేశారు.

కంపెనీల వైపు న్యాయం లేదనడానికి లేదు. రోజూ కోట్ల మంది అడుగుతారు. 'నేను నాటకం రాస్తున్నాను, విలన్ డైలాగు కావాలి' అని వంకరగా అడిగి పని కానిచ్చుకునే వాళ్లున్నారు. అనుమానంతో ప్రతిదానికీ కుదరదంటే డాక్టరుకూ విలేకరికీ సైబర్ క్రైమ్ ఎస్సైకీ కావలసిన సమాచారం కూడా అందదు. ఇదంతా నిజమే. అయితే దొంగ లెటర్‌కు మోసపోవడం వేరు, లెటర్ అడగకపోవడం వేరు. వంద తాళాలు వేసినా నూట ఒకటో దారి వెతికి దూరినవాడి పాపం కంపెనీ ఖాతాలో వేయడం అన్యాయం. తలుపే పెట్టనప్పుడు ఆ మాట చెల్లదు.

సర్వర్‌తో పని లేకుండా ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు దింపుకుని నడుపుకునే మోడళ్లూ ఉన్నాయి. వాటి దగ్గర కమ్మరి పోలిక కొంత పనికొస్తుంది. ఒకసారి బయటికి వదిలాక తయారుచేసినవాడు చూడలేడు, ఆపలేడు. అతన్ని అడగాల్సింది వదలక ముందు ఏం పరీక్షించావనే. ఆ తరువాత దాని మీద ఒక యాప్ కట్టి, 'ఏ అమ్మాయి ఫోటో అయినా ఇవ్వండి, బట్టలు తీసేస్తాం' అని ప్రకటన వేసుకునేవాడు మాత్రం ఏ పోలికలోనూ దాక్కోలేడు. ఉద్దేశం బోర్డు మీదే రాసి ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ వీసీఆర్ (వీడియో రికార్డర్) కేసులో, చట్టబద్ధమైన వాడకం గణనీయంగా ఉన్న యంత్రాన్ని అమ్మినందుకే కంపెనీ బాధ్యురాలు కాదంది. అదే కోర్టు 2005లో గ్రోక్‌స్టర్ అనే ఫైల్ షేరింగ్ కంపెనీని మాత్రం, దొంగ కాపీలకే జనాన్ని ప్రోత్సహించిందంటూ వదల్లేదు. వీసీఆర్ అంటే విజయవాడ గాంధీనగర్ సినిమా పంపిణీదారులకు ఒకప్పుడు ఎంత భయమో తెలిసిన పాతతరానికి ఈ రెండు తీర్పుల మధ్య తేడా ఇట్టే అర్థమవుతుంది.

ఐరోపా 2024 ఆగస్టు 1న అమల్లోకి తెచ్చిన ఏఐ చట్టంలో, తయారుచేసే వాళ్లకూ, దాన్ని తెచ్చి తమ పనికి వాడే సంస్థలకూ బాధ్యతలను విడదీసింది. నష్టపోయినవాడికి పరిహారం ఎవరివ్వాలో తేల్చే మరో చట్టాన్ని ప్రతిపాదించి, ఏకాభిప్రాయం కుదరక 2025లో వెనక్కి తీసుకుంది. మన కేంద్రం 2025 నవంబరులో ఏఐ పాలనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రస్తుతానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నవాటితోనే నడుద్దాం అన్నది వాటి ధోరణి.

ఉన్నవి తక్కువేమీ కాదు. ఇంకొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు. భారతీయ న్యాయ సంహిత 319 ప్రకారం మారువేషపు మోసానికి ఐదేళ్ల వరకు. సెక్షన్ల సంఖ్యకు కరువు లేదు. ఎవరి మీద పెట్టాలన్న దగ్గరే పోలీసులకు టెన్షన్.

ఇప్పటిదాకా చెప్పింది చెడ్డ ఉద్దేశంతో వాడిన వాళ్ల గురించి. చెడు ఉద్దేశం ఏమాత్రం లేకుండా జరిగిన దుర్వినియోగం ఒకటి కృష్ణకు ఇవతలి ఒడ్డున, విజయవాడలోనే బయటపడింది. 2025లో ఇక్కడి ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఒక ఆస్తి తగాదాలో ఇచ్చిన ఉత్తర్వులో నాలుగు పాత తీర్పులను ఉదహరించింది. ఓడినవాళ్లు వెతికితే ఆ నాలుగూ ఎక్కడా లేవు. ఏఐ అల్లి ఇచ్చినవి. మొదటిసారి ఆ సాధనం వాడానని, తీర్పులు నిజమైనవేనని నమ్మానని ఆ న్యాయాధికారి వివరణ ఇచ్చారు. హైకోర్టు ఆ వివరణను నమ్మింది. తీర్పులు లేకపోయినా ఉత్తర్వులోని న్యాయసూత్రం సరిగానే ఉందని చెప్పి, ఇలాంటివి జాగ్రత్తగా వాడాలని హెచ్చరించి వదిలేసింది. సుప్రీంకోర్టు అలా తీసుకోలేదు. లేని తీర్పుల మీద ఆధారపడటం పొరపాటు కిందికి రాదని, అది దుష్ప్రవర్తన అవుతుందని, దానికి చట్టపరమైన పర్యవసానాలు ఉంటాయని 2026 ఫిబ్రవరి చివర్లో అంది.

రెండు కోర్టులు ఒకే సంఘటనను రెండు రకాలుగా చూశాయి. హైకోర్టు ఫలితాన్ని చూసింది, సుప్రీంకోర్టు పద్ధతిని చూసింది. సామాన్యుడి లెక్క సుప్రీంకోర్టు వైపే మొగ్గుతుందేమో. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే మనిషికి తన కేసును చదివింది జడ్జి గారే అన్న నమ్మకం ముఖ్యం. అయితే దీన్ని ఒక్క మనిషి మీద వేసి చేతులు దులుపుకోవడమూ సరి కాదు. కింది కోర్టుల్లో ఫైళ్ల గుట్టలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఎక్కడ వాడొచ్చో ఎక్కడ వాడకూడదో ముందే రాసివ్వాల్సిన బాధ్యత పైవాళ్లది. కేరళ హైకోర్టు 2025 జూలైలోనే తన జిల్లా కోర్టులకు ఆ పని చేసింది. తీర్పులు చెప్పడానికి ఏఐని వాడొద్దంది.

మరి ఆ తీర్పులను అల్లిన సాధనం? 'ఇందులో తప్పులు ఉండవచ్చు, సరిచూసుకోండి' అని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సంతకం పెట్టి ఇంకొకరి జీవితాన్ని తేల్చేవాళ్ల విషయంలో ఆ హెచ్చరిక సరిపోతుందనే అనాలి. సరిచూడటమే వాళ్ల వృత్తి. న్యూయార్క్‌లో 2023లో ఇలాగే లేని కేసులు దాఖలు చేసిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది, ఏఐ కంపెనీకి కాదు. అదే ఒక సంస్థ తన కౌంటర్‌లో మనిషికి బదులు చాట్‌బాట్‌ను కూర్చోబెడితే లెక్క మారుతుంది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ వేరు, మేం వేరు అన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి డబ్బు కట్టించింది. కౌంటర్‌లో ఎవరిని కూర్చోబెట్టినా కౌంటర్ నీదే కదా.

ఇక డబ్బు పోయే చోటికి వద్దాం. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్నది. సీజన్‌లో రోజుకు లక్ష టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పైగా వస్తాయి. అక్కడ సగం వ్యాపారం నోటి మాట మీద, ఫోన్ మీద నడుస్తుంది. ఒక కమీషన్ కొట్టు గుమస్తాకు మధ్యాహ్నం పాట హడావుడిలో ఫోన్ వచ్చిందనుకుందాం. అచ్చం యజమాని గొంతే. 'ఫలానా పార్టీకి నాలుగు లక్షలు వెంటనే కొట్టు, నేను మీటింగ్‌లో ఉన్నా'. గొంతులోని ఆ విసుగు కూడా ఆయనదే. గుమస్తా డబ్బు పంపేస్తాడు. గొంతు నకలు చేయడానికి కొద్ది సెకన్ల మాట చాలు. యజమాని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న గుడి ఉత్సవం ప్రసంగం నుంచే తీసుకోవచ్చు.

ఇక్కడ ఎవరు బాధ్యులు? ఫోన్ చేసినవాడు కాంబోడియాలోనో మయన్మార్‌లోనో కూర్చుని ఉండొచ్చు. చట్టానికి అందే మొదటి మనిషి, ఆ నాలుగు లక్షలు వచ్చిపడిన ఖాతాదారు. పోలీసులు మ్యూల్ ఖాతా అంటారు. చాలాసార్లు అది కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్కూ సిమ్మూ అప్పజెప్పిన మన పక్క వీధి కుర్రాడిదే అవుతుంది. తనకేమీ తెలియదంటాడు. ఖాతా అద్దెకిస్తే నెలకు వేలు ఎందుకిస్తున్నారని అడగలేదంటే, అతనూ లెటర్ అడగని స్టాంపు దుకాణదారే.

పోయిన డబ్బు గుమస్తా తానుగా పంపిందే కాబట్టి బ్యాంకు తప్పుకుంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడో వ్యక్తి వల్ల పోయిన సొమ్ముకు, మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు మీద భారం లేదు. కానీ ఖాతాదారు నిర్లక్ష్యం ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా అతని నెత్తినే. సొంత యజమాని గొంతు నమ్మడం నిర్లక్ష్యమా? ఈ నిబంధన రాసిన రోజుల్లో ఎదుటి మనిషి గొంతు దొంగిలించవచ్చన్న ఆలోచనే జనంలో లేదు. బ్రిటన్ 2024 అక్టోబరు నుంచి వేరే దారి పట్టింది. మోసపోయి తానుగా పంపిన డబ్బును కూడా 85,000 పౌండ్ల వరకు బాధితుడికి తిరిగివ్వాలి, ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోయాలి. దొంగ ఖాతాను తెరిచిన బ్యాంకుకు కూడా నొప్పి తగలడం అందులో తెలివైన పని. నొప్పి లేనిచోట కేవైసీ కాగితాల తంతే అవుతుంది. మన దగ్గర ప్రస్తుతానికి ఆశ అంతా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తామన్నదాని మీదే. డబ్బు ఖాతాలు మారకముందే స్తంభింపజేస్తే కొంతైనా దక్కుతుంది.

తయారుచేయడం, వాడటం కాకుండా పంచడం అనే మూడో పని ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. సింగ్‌నగర్ వాళ్లకు ఇప్పటికీ గట్టి వాన పడితే నిద్ర పట్టదు. అలాంటి రాత్రి, బుడమేరుకు మళ్లీ గండి పడిందంటూ ఏఐతో చేసిన వీడియో ఒకటి అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకి వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చేసినవాడు ఒక్కడు, పంచినవాళ్లు వేలమంది. 'ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్' అని కింద పెడితే సరిపోతుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. చట్టం ముందు ఆ మంత్రం పారదు. ఒక తమిళ నటుడు ఫేస్‌బుక్‌లో ఇతరుల పోస్టును షేర్ చేసిన కేసులో మద్రాసు హైకోర్టు, ముందుకు పంపడమంటే ఒప్పుకున్నట్టే అంది. కేసు కొట్టేయడానికి 2023లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. విపత్తు సమయంలో తప్పుడు హెచ్చరికలకు విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ఏడాది వరకు జైలు అంటుంది. భయంతో, నలుగురి మంచి కోరి పంపిన ఇల్లాలినీ, వ్యూస్ కోసం ఆ వీడియో చేసినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు. కానీ అబద్ధమని తెలిశాక కూడా తీసేయని గ్రూప్ అడ్మిన్ ఏ గాటన వస్తాడో ఆలోచించాలి.

అన్నిటికంటే చిక్కు పిల్లల విషయంలో. విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్ కాలేజీలు, వాటి హాస్టళ్లు ఎన్నో. పదహారేళ్ల అబ్బాయి క్లాసులో అమ్మాయి ఫోటోను ఒక యాప్‌లో వేసి నగ్నంగా మార్చి స్నేహితులకు పంపాడంటే, అమ్మాయి కూడా మైనరే కాబట్టి పోక్సో, ఐటీ చట్టం 67బి దాకా వెళ్తుంది. అబ్బాయి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు పోతుంది. మోటారు వాహన చట్టంలో 2019లో చేర్చిన 199ఎ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తాళం ఇచ్చిన తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఫోన్ ఇచ్చిన తండ్రికీ అలాంటిదే పెట్టాలనే వాళ్లున్నారు. అది కుదిరే పని కాదు. బండి తాళం గోడకు వేలాడుతుంది, దాచొచ్చు. ఫోన్ లేకుండా ఇవాళ కాలేజీ హోంవర్కే రాదు. ఆ యాప్‌ను తన స్టోర్‌లో ఉంచినవాడు, దాని ప్రకటన చూపించి డబ్బు తీసుకున్నవాడు తండ్రి కంటే ముందు వరసలో నిలబడాలి.

మన దగ్గర మొదట అడిగే ప్రశ్న మాత్రం వేరు. 'నువ్వు ఫోటో ఎందుకు పెట్టావు?' ఇంట్లోనూ అదే, కాలేజీ ప్రిన్సిపాల్ గదిలోనూ అదే. చెల్లెలి పెళ్లిలో చీర కట్టుకుని దిగిన ఫోటో పెట్టడం తప్పెలా అవుతుందో ఎవరూ చెప్పరు. బాధ్యుల జాబితాలో ఉండకూడని ఒకే ఒక్క మనిషిని తెచ్చి మొదట నిలబెడతాం.

2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన సవరించిన ఐటీ నియమాల్లో, ఏఐతో చేసిన బొమ్మలకూ వీడియోలకూ స్పష్టమైన లేబుల్ ఉండాలి. కోర్టో ప్రభుత్వమో చెబితే మూడు గంటల్లో తీసేయాలి, అంతకుముందు గడువు 36 గంటలు. నగ్నంగా మార్చిన ఫోటోల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల గడువు రెండు గంటలైంది. ఆ రెండు గంటల లెక్క ఫిర్యాదు అందాకే మొదలవుతుంది. 'పరువు పోతుంది, ఎవరికీ చెప్పొద్దు' అని నాలుగు రోజులు ఇంట్లో నలిగితే ఆ నాలుగు రోజులూ ఫోటో తిరుగుతూనే ఉంటుంది. తీరా సైబర్ క్రైమ్ పోర్టల్‌కో స్టేషన్‌కో వెళ్లేసరికి అక్కడ అడిగేవి లింకు, పంపిన ఖాతా పేరు, తేదీతో ఉన్న స్క్రీన్‌షాట్. అవేవీ ఉండవు. అమ్మాయి చూసి బాధపడుతుందని అన్నయ్య మొదటి రోజే ఫోన్లోంచి అన్నీ డిలీట్ చేసి ఉంటాడు.